ఆస్ట్రేలియా తోపు: ఈ గేటు నుంచి ఆ గేటుకు

మదనపల్లెలో మా మామ వాళ్ళ కాలనీ వెనక ఫారెస్టు వాళ్ళ తోపు ఒకటి ఉంది. ఈ గేటులో దూరి ఆ గేటులో తేలడానికి మామూలు మనిషికి పది నిమిషాలు చాలు. ఎత్తు లేదు, పల్లం లేదు, దారి తప్పే వీలు లేదు. పాలకు వెళ్ళే ఆడవాళ్ళు చెంబు చేత్తో పట్టుకుని మాటల్లోనే దాటేస్తారు. మొదటిసారి దాన్ని దాటడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు.

ఇది రాయడానికి నా పాత డైరీలు రెండు ముందు పెట్టుకున్నాను. నలుగురిలో నోరు తెరిచే అలవాటు నాకు లేదు. చెప్పాల్సినదంతా డైరీకే చెప్పుకుంటాను. కానీ ఈ సంగతి డైరీలోనే ఉండిపోతే ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఇదే తప్పు చేస్తుంది. అందుకని బయట పెడుతున్నాను. ఇందులో మా తెలివితక్కువతనం చాలా ఉంది. దాని తర్వాత నేను చేసింది కూడా కొంత ఉంది. దాన్ని తక్కువ చేసి చెప్పాలని నాకు లేదు.

పుంగనూరు, 2001 డిసెంబరు

మా నాయనకు బజారు వీధిలో కిరాణా అంగడి. పొట్లాలు కట్టడానికి కిలోల లెక్కన తెచ్చే పాత పత్రికలే నా గ్రంథాలయం. పప్పు, చక్కెర పొట్లాలుగా పోయేలోపే సీరియళ్ళు చదివేసేదాన్ని. మొదలూ చివరా లేని కథలు ఎన్ని చదివానో చెప్పలేను.

ఆ చలికాలం దగ్గు పట్టుకుంది. కొత్త మిరపకాయల మూటలు దిగిన రోజులు కాబట్టి ఘాటుకేమో అనుకున్నాం. పొద్దు వాలేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారి లేస్తే జాకెట్టు తడిసి ఉండేది. నాకు కోపం వచ్చిన విషయం ఒక్కటే. పుస్తకం పట్టుకుంటే రెండు పేజీలకే కళ్ళు మూతలు పడేవి.

అమ్మ కంటే ముందు కనిపెట్టింది మా పక్క అంగడి నాగమ్మక్క. ఆమెది గాజుల వ్యాపారం. సంక్రాంతికి ముందు కొత్త గాజులు వేస్తూ నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"పోయినేడు నీకు రెండూ ఆరు వేసినా. ఇప్పుడు రెండూ నాలుగు కూడా మోచేతికి పోతాండాది. ఏమ్మే పాపా, తినేది యాడికి పోతాండాది?"

"తింటానే ఉండా అక్కా."

"తింటే చెయ్యి చెప్తాది. నోరు చెప్పినా చెయ్యి అబద్ధం చెప్పదు."

ఆ మాట అమ్మ చెవిన పడింది. ఊళ్ళోనే రెండు సీసాల దగ్గుమందు అయింది. మూడో సీసా సగంలో ఉండగా ఒక ఉదయం చేతిగుడ్డ మీద ఎర్రటి చుక్క కనిపించింది. కుంకుమ బొట్టంత. గుడ్డ మడిచి జాకెట్లో దోపుకున్నాను. ఎవరికీ చెప్పకుండా డైరీలో "ఈ రోజు ఏమీ లేదు" అని రాశాను. నా డైరీలో నేను రాసిన మొదటి అబద్ధం అదే. నాలుగు రోజులకు అమ్మే గుడ్డ ఉతకబోయి చూసింది.

మదనపల్లె, 2002 ఫిబ్రవరి

పెద్ద డాక్టరు దగ్గర కూర్చునే బల్ల పొడుగ్గా గోడ వెంబడి ఉండేది. దగ్గు వచ్చినవాళ్ళు గోడవైపు తిరిగి దగ్గేవాళ్ళు. ఎవరూ ఎవరినీ ఏం జబ్బని అడగరు. ఏ ఊరని మాత్రం అడుగుతారు. మా పక్కన కూర్చున్న వెంకటగిరికోట ముసలాయన ఫ్యాను కింది చోటు నాకిచ్చి తను కిటికీ పక్కకు జరిగాడు. "నాది పాత దగ్గు పాపా. దానికి గాలి అక్కర్లా" అన్నాడు. ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాం. ఆ మూడు గంటల్లో అమ్మ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

డాక్టరు టీబీ అన్నాడు. అమ్మ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"సార్, ఆ మాట చీటీలో రాయొద్దు."

"మందుల పేర్లే రాస్తానమ్మా. మీరు ఎవరికి చెప్తారో చెప్పుకోండి, చెప్పకపోతే మీ ఇష్టం. ఆరు నెల్లు మాత్రం ఒక్క పూట తప్పకూడదు. బాగైపోయిందనిపిస్తుంది. అప్పుడు కూడా మానకూడదు."

మొదటి మాట అమ్మకు బాగా వినిపించింది. చివరి మాట మా ఇద్దరికీ సరిగ్గా వినిపించలేదనుకుంటాను.

నన్ను పుంగనూరుకు తీసుకుపోకుండా మామ ఇంట్లో దింపింది. బజారు వీధికి మాత్రం నేను మదనపల్లెలో టైపింగు నేర్చుకుంటున్నానని చెప్పింది. నాయన కూడా అదే చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పేటప్పుడు తక్కెడ వైపు చూస్తాడు. అది ఎంతమంది గమనించారో నాకు తెలియదు.

మా అత్త పేరు సరోజ. మొదటి రోజే నాకొక పళ్ళెం, గ్లాసు వేరే పెట్టింది. నేను తలదించుకున్నాను. ఆమె నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"తట్ట వేరే పెట్టినానని మనసులో పెట్టుకోవద్దు పాపా. పిల్లోళ్ళు ఉండే ఇల్లు. డాక్టరు రెండు నెల్లు జాగ్రత్త అన్నాడు. రెండు నెల్లు కానీ, ఈ తట్టలో నేనే తింటా."

పరగడుపున వేసుకునే మాత్రలు. మొదటి రోజే మూత్రం ఎర్రగా, కాషాయం కలిపినట్టు వచ్చింది. నేను చచ్చిపోతున్నానని నమ్మాను. అది మాత్ర రంగేనని మర్నాడు తెలిసింది. ఇరవై రోజులకు సాయంత్రం జ్వరం పోయింది. నెల తిరిగేసరికి అన్నం రుచి తెలిసింది.

డాక్టరు కొంచెం నడవమన్నాడు. అత్త నన్ను వెనక తోపుకు తీసుకువెళ్ళింది. కాలనీ వాళ్ళు దాన్ని ఆస్ట్రేలియా తోపు అంటారు. ఎప్పుడో ఒక ఫారెస్టు ఆఫీసరు ప్రతి వరస మొదట్లో ఒక రేకు బోర్డు కొట్టించి పోయాడట. చెట్టు పేరు, కింద "స్వస్థలం: ఆస్ట్రేలియా" అని. నీలగిరి, సిల్వర్ ఓక్, సరుగుడు, బాటిల్ బ్రష్, ఆస్ట్రేలియా తుమ్మ. చదవడానికి ఏదీ దొరక్క ఉన్నదాన్ని, బోర్డులన్నీ రెండేసిసార్లు చదివాను. నిజానికి బోర్డు దగ్గర ఆగితే ఆయాసం ఎవరికీ తెలియదు.

దారిలో మూడు సిమెంటు బల్లలు ఉన్నాయి. మొదటిది నీలగిరి వరసలో. అక్కడ బెరడు పట్టీలు పట్టీలుగా ఊడి కింద పడి ఉంటుంది, లోపలి మాను నున్నగా, చల్లగా ఉంటుంది. రెండోది సరుగుడు కింద. గాలి వీస్తే సముద్రం మాదిరి హోరు వస్తుందని మామ చెప్పాడు. నేను సముద్రం చూడలేదు. ఇప్పుడు ఎప్పుడైనా చూస్తే సరుగుడు మాదిరి ఉందంటాను. మూడోది ఆ చివర గేటు దగ్గర, బాటిల్ బ్రష్ ఎర్ర కుచ్చుల కింద. మూడింటి మీదా కూర్చుంటూ, అత్త భుజం పట్టుకుని దాటాను.

తోపు కాపలాదారు మునెప్ప. అరవై దాటిన మనిషి. రాలిన కొమ్మలు ఏరుకుపోయే వాళ్ళను తిట్టడం ఆయన ఉద్యోగం, మిగతావాళ్ళతో మాట్లాడడం సొంత పని.

"ఏ ఊరు పాపా?"

"పుంగనూరు."

"అట్లనా. మీ ఊరి మనుషులూ మీ ఊరి ఆవుల మాదిరే. పొట్టి, గట్టి." నా నడక చూశాడు. "నువ్వు మాత్రం పొట్టి వరకే వచ్చినావు. గట్టి ఇంకా రావల్ల."

నవ్వితే దగ్గు వస్తుందని భయపడుతూ నవ్వాను. దగ్గు రాలేదు.

రెండు నెలలు నిండిన రోజు అత్త ఎవరికీ చెప్పకుండా నా పళ్ళెంలో సంగటి పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని తింది. నేను వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళ బిందె దగ్గర నిలబడి ఏడ్చాను.

కుప్పం, 2002 మే నుంచి ఆగస్టు

తప్పు ఇక్కడ జరిగింది.

మా వైపు పెద్దవాళ్ళకు ఒక నమ్మకం ఉంది. మదనపల్లె గాలి రొమ్ముకు మంచిదని. ఎక్కడెక్కడి నుంచో రొమ్ము జబ్బుల వాళ్ళు ఆ గాలి కోసం వచ్చేవాళ్ళని అమ్మ చిన్నప్పటినుంచీ విన్నది. ప్రతి ఆదివారం వచ్చి నాతోబాటు తోపులో నడిచేది. నీలగిరి ఆకు నలిపి వాసన చూసేది. నేను ఒళ్ళు చేసిన కొద్దీ ఆమె దృష్టిలో మాత్రల లెక్క తగ్గి చెట్ల లెక్క పెరిగింది.

"ఆ గాలే నిన్ను బతికించింది. మాత్రలు ఒట్టి వేడి" అనేది.

ఆ శ్రావణంలో కుప్పంలో చిన్నమ్మ కూతురి పెళ్ళి. మే నెలలోనే నన్ను పంపమని చిన్నమ్మ కబురు చేసింది. నిండా చుట్టాలుండే ఇల్లు. రోజూ పరగడుపున గుప్పెడు మాత్రలు మింగితే ఎవరైనా చూస్తారు, ఎర్రగా పోసుకుంటే దొడ్లో ఎవరికైనా కనిపిస్తుంది. అమ్మ మాత్రల డబ్బా అత్త బీరువాలోనే వదిలేసింది. దానికి బదులు గోనెసంచి పట్టుకుని తోపుకు వెళ్ళింది, నీలగిరి ఆకుకు. రోజూ కాచి ఆవిరి పట్టి, కొంచెం తాగితే మదనపల్లె గాలి కుప్పంలో కూడా ఉంటుందని ఆమె లెక్క.

మునెప్ప సంచి చూశాడు. ఆకులకు అడ్డం చెప్పలేదు.

"దేనికమ్మా ఇంత?"

"పాపకు మందు."

"నేను ఈడ ఇరవై ఏండ్లుగా ఉండా. గొర్రెను తోలితే గడ్డీ గాదం అంతా మేస్తాది, ఈ ఆకు ముట్టదు. గొర్రె ముట్టనిది మనిషికి మందవుతాదా?"

"గొర్రెకేం తెలుసప్పా."

"దానికి తెలిసేది అదొక్కటే గదమ్మా."

అత్త కూడా గేటు దాకా వచ్చి పోట్లాడింది. "వదినా, డాక్టరు ఆరు నెల్లు అన్నాడు. మూడు నెల్లు కూడా నిండా కాలేదు." అమ్మ "నీ బిడ్డయితే తెలుస్తాది" అనేసింది. అత్త గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగిపోయింది.

తప్పంతా అమ్మ మీద వేయడం న్యాయం కాదు. నాకు చదువు వచ్చు. ఆరు నెలలంటే ఆరు నెలలని నాకు తెలుసు. కానీ కుప్పంలో మొదటి ఉదయం డైరీలో నేను రాసుకున్నది ఇదీ: "ఈ రోజు ఎరుపు లేదు. అందరి మాదిరి ఉన్నాను." ఆ రెండో వాక్యం కోసం నేనూ మాత్రలు మానుకున్నాను.

కుప్పంలో చిన్నమ్మకు నేను చిక్కడమే గొప్ప. అప్పడాలు ఒత్తాను, జాకెట్లకు హెమ్మింగ్ చేశాను, పెళ్ళి పత్రికల మీద పేర్లు రాశాను. నా చేతిరాత బాగుందని అందరూ అన్నారు. జూలైలో దగ్గు మళ్ళీ వచ్చింది. ఆవిరి ఇంకొక పూట ఎక్కువ పట్టాను. పెళ్ళిరోజు తలంబ్రాల వేళ, పెళ్ళికూతురి పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగా దగ్గు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పసుపుపచ్చ పట్టుచీర. ఎరుపు దాగలేదు.

ఎవరో నా చేతిలోంచి పళ్ళెం తీసుకున్నారు. ఆ తీసుకోవడంలో నా వేళ్ళు తగలకుండా చూసుకున్నారు. అది నాకింకా గుర్తుంది.

బస్సులో, తర్వాత మదనపల్లె

మర్నాడే బయలుదేరాం. వెంకటగిరికోట దాటాం, పలమనేరులో బస్సు మారాం. పుంగనూరు బస్టాండులో బస్సు పావుగంట ఆగింది. మా ఇల్లు నడిచి పోయేంత దూరం. అమ్మ నా తలను తన ఒళ్ళోకి వంచి కొంగు కప్పింది. కిటికీ దగ్గర బొరుగులమ్మే ఆమె అరుస్తుంటే ఎవరి గొంతో పోల్చుకున్నాను. ఆమెకు నేను చిన్నప్పటినుంచీ తెలుసు. సొంత ఊళ్ళో దొంగ మాదిరి ఒంగి పడుకున్న ఆ పావుగంట, అమ్మ ఒళ్ళు వణకడం నా చెంపకు తెలిసింది. బస్సు కదిలాక కూడా అమ్మ కొంగు తీయలేదు. ఆ కొంగు కిందే నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. ఈసారి దాచి బాగుపడను. దాచకుండా బాగుపడతాను.

అత్త తలుపు తీసి, ఏమీ అడగకుండా ఆ పాత పళ్ళెం, గ్లాసు కడిగి పెట్టింది.

రెండోసారి మందు సులభం కాదు. ఎనిమిది నెలలు. మొదటి రెండు నెలలు ఇంజెక్షన్లు కూడా. ఈసారి ప్రభుత్వ మందు, రోజు విడిచి రోజు ఆస్పత్రి వాళ్ళ గదికి పోయి నర్సమ్మ కళ్ళముందే మింగాలి. ఆ గది తోపుకు అవతల, రెండో గేటు పక్క రోడ్డులో ఉంది. అమ్మ ఆటో పెడతానంది.

"నడిచి పోతా" అన్నాను.

"ఎవరైనా చూస్తే?"

"చూడనీ."

ఇంట్లో అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ అత్త వైపు చూసింది. అత్త చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది.

మొదటి వారం మళ్ళీ మూడు బల్లలూ. ఇంజెక్షన్ పడిన తొడ నొప్పికి వచ్చేటప్పుడు కుంటేదాన్ని. చెవుల్లో గుయ్‌మనేది. పాత డైరీలో ఆ నెలంతా వాక్యాలు లేవు, అంకెలే ఉన్నాయి: "3 బల్లలు." "3." "3, మధ్యలో బోర్డు." "2." అక్టోబరులో ఒక రోజు "1" అని రాసి రెండుసార్లు కింద గీత గీశాను.

ఆ నెలలోనే ఫారెస్టు వాళ్ళు నీలగిరి వరస ఒకటి కొట్టించారు. మొదటి బల్ల దగ్గర ఒక్కసారిగా ఎండ పడింది. నాకు చెప్పలేనంత బాధ వేసింది. మునెప్ప మాత్రం మొద్దుల చుట్టూ తిరుగుతూ ఉన్నాడు. కొన్ని వారాలకు ప్రతి మొద్దు చుట్టూ పది పన్నెండు చిగుళ్ళు లేచాయి. ఆయన ఒక్కో మొద్దుకు బలమైనవి రెండు ఉంచి మిగతావి చేత్తో విరిచేస్తున్నాడు.

"యాల విరుస్తాండావు తాతా, బతికినవి గదా?"

"అన్నీ ఉంటే ఏదీ మాను గాదు పాపా. రెండు చాలు."

నర్సమ్మ విజయమ్మ గదిలో చిన్న బల్ల, మట్టి కూజా, గోడకు నా పేరున్న కార్డు. పేరు అందరికీ కనిపించేలా ఉండేది. మొదటి రోజు దాన్ని తిప్పి పెట్టాలనిపించింది. పెట్టలేదు. మాత్రలు గొంతులో అడ్డం పడితే ఆమె ఒక బెల్లం ముక్క ఇచ్చేది. తన ఇంటినుంచి తెచ్చేదట. కార్డులో ప్రతి మాత్రకు ఒక గడి. నా కార్డులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఇది చదివేవాళ్ళకు చిన్న సంగతి అనిపించవచ్చు. వర్షానికి తోపు దారి బురదయిన రోజు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాను. దీపావళి ఉదయం వెళ్ళాను. కడుపులో తిప్పి మూడుసార్లు కక్కుకున్న రోజు కూడా వెళ్ళాను. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా నేను పూర్తిగా చేసిన పని అంటూ ఒక్కటీ లేదు. కథలు కూడా మొదలూ చివరా లేనివే చదివాను. ఆ కార్డు మొదటి గడి నుంచి చివరి గడి దాకా నాది.

2003 మార్చి

రెండో బల్ల దగ్గర ఎదురుపడింది నాగమ్మక్క. పుంగనూరు బజారు వీధి నాగమ్మక్కే, మదనపల్లెలో, చేతిలో సంచి. నేను ఊళ్ళో లేని ఈ ఏడాదిలో ఆమె కూతురు జయను మా కాలనీలోనే ఇచ్చారని నాకు తెలియదు.

"ఓ, టైపింగు పాప. ఏడాది దాటె, ఇంకా అయిపోలేదా మే? ఏం కొట్టేస్తాండావు, కలెక్టరాఫీసు కాగితాలంతా నువ్వేనా?"

అలవాటుగా నోటి దాకా వచ్చిన అబద్ధం ఉంది. దూరంగా మునెప్ప పుల్లలు ఏరుతున్నాడు. సరుగుడు హోరుమంటోంది.

"టైపింగు కాదక్కా. నాకు టీబీ. ఆ గేటు పక్క గదికి పోయి మాత్రలు మింగుతాండా. ఇంకొక నెల ఉండాది."

ఆమె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. కొంగు నోటి దగ్గరికి పోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. "అట్లనా పాపా" అని, నేను ఇంకేమైనా అంటానేమోనన్నట్టు వేగంగా కాలనీ వైపు నడిచింది.

బల్ల పక్కనే ఉంది. కూర్చోలేదు. ఆ రోజు బల్లలు సున్నా.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ వచ్చి ఉంది. "బజారంతా తెలిసిపోతాది. నాయన అంగట్లో ఎట్ల కూర్చుంటాడు?" అని గోడకు ఆనుకుంది. నేను కార్డు గడుల గురించి చెప్పాను, ఒక్కటి కూడా ఖాళీ లేదని. ఆమె చాలాసేపు తన చేతులు చూసుకుంది. "ఆ సంచి నిండా ఆకు కోసింది ఈ చేతులే" అంది. అంతకు ముందు ఒక్కసారీ ఆ మాట అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు.

రోజు విడిచి రోజు కదా. మర్నాడు కాక ఆ మర్నాడు నేను, అమ్మ తోపు గేటులో దూరేసరికి నాగమ్మక్క నిలబడి ఉంది. పక్కన జయ, నా ఈడు పిల్ల. నా కళ్ళు ముందు ఆమె చేతుల మీదికే పోయాయి. గాజులు మోచేతి దగ్గర ఉన్నాయి.

"దానికి మూడు నెల్లుగా దగ్గు" అంది నాగమ్మక్క, నన్ను చూడకుండా. "అత్తగారింట్లో చెప్పలా. ఆ గది యాడుందో సూపిస్తావా పాపా?"

నేను నోరు తెరిచేలోపు అమ్మే మాట్లాడింది. "సూపిస్తాది. మాత్ర ఇస్తే ఒక్క పూట ఎగ్గొట్టనియ్యొద్దు నాగమ్మా. బాగైందనిపించినా సరే. ఆకూ అలమూ అనొద్దు. అదంతా మేము కాచి తాగి సూసినాం."

జయ నడుస్తూ పదడుగులకే బోర్డు దగ్గర ఆగింది. "సిల్వర్ ఓక్, స్వస్థలం ఆస్ట్రేలియా" అని పైకి చదివింది. నాకు నవ్వొచ్చింది. బోర్డు దగ్గర ఎందుకు ఆగుతారో నాకు తెలుసు.

"పద, ముందర బల్ల ఉండాది. ఆడ కూర్చుందాం" అన్నాను.

"నాకేం ఆయాసం లేదక్కా."

"నాకూ లేకుండె. మూడు బల్లల మీదా కూర్చునేదాన్ని."

మునెప్ప ఎదురొచ్చాడు. జయను, ఆ తర్వాత నన్ను చూశాడు. "ఈ పాపదీ పుంగనూరేనా?" అన్నాడు. అవునన్నాను. "పర్వాలేదు. గట్టి కొంచెం ఆలస్యంగా వస్తాది మీ ఊరోళ్ళకు" అని తన దారిన పోయాడు. కొట్టేసిన వరసలో మొద్దుకు రెండేసి కొమ్మలు నా తల ఎత్తు దాటి ఉన్నాయి.

మరుసటి నెల నా కార్డు చివరి గడి నిండింది. ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష శుభ్రంగా వచ్చాయి. ఆ రోజు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. డైరీలో నేను ఇప్పటికీ తీసి చదువుకునే పేజీ దానికంటే ముందుది, జయతో నడిచిన నాటిది. ఆ పేజీలో ఉన్నదంతా ఇంతే:

"ఈ రోజు తోపు దాటడానికి నలభై నిమిషాలు. మూడు బల్లలు. నా కోసం ఒక్కటి కూడా కాదు."